రెండో గంట

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఇద్దరిద్దరిని జతచేసి ఒక్కో ప్రాజెక్టు ఇచ్చారు. మా జతకు షెల్ వచ్చింది. కంప్యూటరు నల్లటి తెర మీద మనం టైపు చేసిన మాట అందుకుని, అదేమిటో చూసి, ఆ పని చేసే ప్రోగ్రామును పిలిచి, అది ముగిసేదాకా కనిపెట్టుకుని ఉండి, మళ్ళీ మన ముందుకొచ్చి ఇంకేమిటన్నట్టు నిలబడేదాన్ని షెల్ అంటారు. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం ఉన్నప్పటి నుంచీ షెల్ ఉంది. ఎవరో ఎప్పుడో శుభ్రంగా రాసిపెట్టినదాన్ని మళ్ళీ మేమెందుకు రాయాలని నేను విసుక్కున్నాను.

"వంట నేర్చుకోవాలంటే అందరూ వండే అన్నమే కదే వండాలి," అంది నా జత అమ్మాయి. తనది ఉప్పలగుప్తం అవతల, రొయ్యల చెరువుల మధ్య ఊరు. తన నోరెంత వేగమో వేళ్ళూ అంతే వేగం. నాకు చిన్నప్పటి నుంచీ కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఆ ఏడాది ఉన్న కాస్త ఓపికా ఇంట్లోనే అయిపోయేది, ఎందుకంటే ఆ ఏడాదే మా నాన్నకు మాట పోయింది.

నాన్న బస్సు కండక్టరు. అమలాపురం, రాజోలు మధ్య తిరిగే బస్సులో ఆయన పలకరించని మనిషి ఉండేవాడు కాదు. ఎక్కే ముసలమ్మకు చెయ్యందించి "రండి రండి, ఆయ్, నిదానంగా" అనేవారు. చంటిపిల్ల వేలు చూపించి ఏదో అంటే దానికీ "ఆయ్" అనేవారు. ఎదుటివాళ్ళు మాట్లాడాక, అవునన్నా కాకపోయినా, విన్నామని చెప్పడానికైనా మనం ఆయ్ అనకుండా ఊరుకుంటే మా వైపు దాన్ని పొగరంటారు. నాన్న ఆ విషయంలో మరీ పట్టింపు మనిషి. "మాట గాల్లో వదిలేయకూడదమ్మా. ఎవరో ఒకరు అందుకోవాలి," అని నాకు చెప్పేవారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా ఆ నోరు ఆగేది కాదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ దెప్పుతుండేది, పళ్ళెం ముందు కూర్చోబెట్టి ఆ కబుర్లన్నీ వింటూనే.

ఒక పొద్దున పంపు దగ్గర మొహం కడుక్కుంటూ నాన్న పడిపోయారు. కుడి పక్క పడిపోయింది. అమలాపురం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఆయన దగ్గర మిగిలింది ఒక్క మాట. ఆయ్. మాటలన్నీ పోయినా జన్మంతా వాడిన మాట ఒకటి ఒక్కోసారి నాలుక మీద ఉండిపోతుందని డాక్టరు గారు చెప్పారు. మెల్లగా మిగతావి రావచ్చన్నారు. రాకపోవచ్చని కూడా అన్నారు.

"కాఫీ ఇమ్మంటారా?" అంటే "ఆయ్."

"పోనీ వద్దా?" అంటే "ఆయ్."

మొదట్లో నవ్వు వచ్చింది. దేవుడు క్షమించాలి, అమ్మ కూడా నవ్వింది. కొన్నాళ్ళకు ఆ నవ్వు పోయింది. ఫ్యాను వేస్తే ఆయ్, ఆపితే ఆయ్. చర్చి సంఘం నుంచి ప్రార్థనకు వచ్చినవాళ్ళు "తమ్ముడు గారూ, కులాసానా?" అంటే ఆయ్. మంచం మీద నుంచి మా వంక చూసే ఆ చూపులో మాత్రం బోలెడు మాటలుండేవి. మేము ఏదో తప్పు చేస్తే ఆయన కళ్ళు మూసుకునేవారు. ఏం తప్పు చేశామో మాకు తెలిసేది కాదు. కాదనే మాట లేని మనిషికి తన ఇంట్లో తనకంటూ ఏం మిగులుతుంది? ఆయన మనసులో ఏముందో ఒక్కసారైనా సరిగ్గా తెలుసుకోవాలని నాకు పట్టుదల పట్టుకుంది. అది తెలియకుండానే ఆయన వెళ్ళిపోతారేమోనని భయం కూడా ఉండేది.

ఒక ఆదివారం నా జత అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాన్న మంచం పక్కనే చాప వేసుకుని కూర్చున్నాం. ఏం రాస్తున్నామో నాన్నకు చెప్పాలనిపించింది నాకు. "మీ ఉద్యోగమే నాన్నగారూ," అన్నాను. "ప్యాసింజరు వెళ్ళి డ్రైవరుతో మాట్లాడడు కదా. ఎక్కడికో మీకు చెప్తాడు, మీరు గంట కొడతారు, బండి కదుల్తాది. ఇది కూడా అలా మధ్యలో నిలబడే మనిషే."

"ఆయ్," అన్నారు నాన్న. ఎడమ పక్క పెదవి కాస్త విచ్చుకుంది.

దాంతో ఆ అమ్మాయికి ఒక ఊహ వచ్చింది. మా షెల్ కూడా ఏ మాట చెప్పినా ముందు ఆయ్ అనాలంది. మామూలు షెల్ ఏం చెప్పినా గమ్మున పని చేసుకుపోతుంది, మనిషికి విన్నదో లేదో అనుమానంగా ఉంటుంది, అది మర్యాదేనా అంది. నాకు చివుక్కుమంది. మా ఇంటి బాధ ఈమెకు ఆటయిపోయిందా అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి మంచం దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని అడిగింది.

"అంకుల్ గారండీ, మీ మాట మా ప్రోగ్రాముకి పెట్టుకోమంటారా?"

"ఆయ్," అన్నారు నాన్న. తర్వాత నవ్వారు. జబ్బు చేశాక ఆయన నోట నవ్వు వినడం అదే మొదలు. వంటింట్లోంచి అమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

అలా మా షెల్‌కు నాన్న మాట వచ్చింది. ఏ కమాండు కొట్టినా ముందు ఆయ్ అని తెర మీద పడుతుంది, ఆ తర్వాత పని మొదలవుతుంది. మాకు ముచ్చటేసింది. మా ల్యాబు సారు ముందు పెట్టినప్పుడు మాత్రం ఆ ముచ్చట తీరిపోయింది. ఆయన రోజూ మండపేట నుంచి బండి మీద వచ్చే మనిషి, ఎప్పుడూ తొందరే. కీబోర్డు లాక్కుని అర్థం పర్థం లేని అక్షరాలేవో కొట్టారు. తెర మీద ఆయ్ అని పడింది. దాని కింద, అలాంటిదేదీ లేదండి అని పడింది.

"ఇదేంటమ్మా, గంగిరెద్దులా తల ఊపేసి తర్వాత లేదంటాది?" అన్నారు.

"మా వైపు అంతే సార్," అంది నా జత అమ్మాయి. "ముందు ఆయ్ అంటాం."

"నాదేమన్నా రాయలసీమా? నేనూ పొద్దున్నుంచి ఆయ్ అంటూనే ఉన్నాను," అని నవ్వి, సారు నిదానించి ఒక సంగతి చెప్పారు. ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు తనను పిలిచినదానికి గుట్టుగా ఒక అంకె అప్పజెప్పి పోతుంది. సున్నా అయితే పని సవ్యంగా అయినట్టు. ఇంకేదైనా అయితే కానట్టు. తెర మీద దాని జాడే ఉండదు. "ఆ ఆయ్ తీసేయండమ్మా. నోటితో ఏమందో చూడకండి. ఆ అంకె చూడండి. అసలు జవాబు అక్కడుంటాది," అన్నారు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే ఆలోచిస్తున్నాను. వైనతేయ వంతెన దాటాక ఎవరో దిగారు. గంట తాడు తెగిపోయిన పాత బస్సు. కండక్టరు తలుపు రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. బండి కదిలింది. ఒక్కటి కొడితే ఆగు, రెండు కొడితే పో. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నాన్న చేత్తో చెప్పిన జవాబు అదే. నోరు పోయింది కానీ ఎడమ చెయ్యి ఉంది కదా!

ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా మంచం దగ్గర కూర్చున్నాను. ఆయన ఎడమ చెయ్యి తీసి మంచం పట్టె మీద పెట్టాను. "నాన్నగారూ, నోరు ఏమంటే అననీండి. మీరు గంట కొట్టండి. వద్దంటే సింగిల్, కావాలంటే డబుల్. కాఫీ కావాలా?"

"ఆయ్," అంది నోరు. చెయ్యి లేచి పట్టె మీద ఒక్కసారి తగిలి ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ వద్దు వద్దంటున్న మనిషికి గొంతులో కాఫీ పోశామన్నమాట. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. నమ్మలేక తనూ వచ్చి అడిగింది. "మరి టీ ఇమ్మంటారా?" టక్, టక్. అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో పండగే. నాన్నకు ఫ్యాను గాలి పడటం లేదని తెలిసింది. మంచం లోపలి గదిలో కాదు, రోడ్డు కనిపించేలా వసారాలో వేయాలని తెలిసింది. వసారాలో పడుకుని ఆయన వచ్చే పోయే బస్సులు చూసేవారు. ఒక కండక్టరు పని తెలిసినవాడో కాదో ఆయన కళ్ళలో కనిపెట్టేసేదాన్ని. ప్రార్థనకు వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన పాట ఎత్తుకుని ఎంతకీ ముగించకపోతే, ఓ రోజు నాన్న చెయ్యి పట్టె మీద ఠకీమని ఒక్కటి కొట్టింది. అమ్మా నేనూ నవ్వు ఆపుకోలేక చచ్చాం. దీపాలవేళ దోమలకు తలుపులు వేసే ముందు అమ్మ వసారాలోకి వచ్చి "ఏవండీ, తలుపేసేస్తున్నానండీ, లోపలికి వెళ్దామా?" అనేది. ఆయ్, టక్, టక్. ఒకోసారి ఇంకాసేపు బయటే ఉండాలనిపించి ఒకటే కొట్టేవారు. అమ్మ అలాగే వెనక్కి వెళ్ళిపోయేది. భర్త కాదన్నందుకు అంత సంబరపడిన ఆడమనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

చలి మొదలయ్యాక చెయ్యి నెమ్మదించింది. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య ఎడం పెరిగింది. చెయ్యి లేవడానికి ఆయన మొహమంతా బిగుసుకునేది. ఆ ఎడంలో నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. తొందరపడకూడదని, రెండోది వస్తే వస్తుంది, రానీయాలని నాకు తెలుసు. అమ్మకు అంత ఓపిక ఉండేది కాదు.

అప్పుడే మా పెదనాన్న గారు హైదరాబాదు నుంచి వచ్చారు. అక్కడ ఒక పెద్దాసుపత్రిలో నాన్న కాయితాలు, స్కానులు చూపించారట. మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్ళే నరమొకటి పూడుకుపోతోందని, ఆపరేషను చేస్తే మళ్ళీ పక్షవాతం రాకుండా ఆపొచ్చని, ఆపరేషనులోనూ ప్రమాదం లేకపోలేదని అక్కడి డాక్టర్లు చెప్పారట. పెదనాన్న కారు మాట్లాడుకునే వచ్చారు. తమ్ముడంటే ఆయనకు ప్రాణం. మంచం మీద కూర్చుని నాన్న తల నిమురుతూ అడిగారు.

"ఒరేయ్ తమ్ముడూ, హైదరాబాదు తీసుకెళ్ళి ఆపరేషను చేయించేస్తాను. వెళ్దామేంట్రా?"

"ఆయ్," అన్నారు నాన్న.

"అదిగో, వస్తానన్నాడు," అని పెదనాన్న లేచారు.

"ఆగండి బావగారూ," అంది అమ్మ. "నోటి మాట కాదండీ. ఆయన చేత్తో చెప్తారు. ఆ మాట వినాలి మనం." నా వంక తిరిగింది. "నువ్వడగవే."

ఆ రోజు నాన్నకు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. చెయ్యి తీసి పట్టె మీద పెట్టాను. "నాన్నగారూ, పెదనాన్న గారితో హైదరాబాదు వెళ్దామా? ఆపరేషనుకి? నిదానంగా చెప్పండి, తొందరేం లేదు."

ఆయన నా కళ్ళలోకి చూశారు. మొహం బిగిసింది. చెయ్యి లేచింది. పట్టె మీద ఒకసారి తగిలింది.

నేను రెండో దెబ్బ కోసం కాచుకున్నాను. అంతలో అమ్మ ముందుకు వంగి ఆ చేతిని రెండు చేతుల్తో పట్టేసుకుని, మొహానికి ఆనించుకుని భోరుమంది. "వద్దంటున్నారు బావగారూ, ఒక్కటే కొట్టేరు, నన్ను వదిలి ఎక్కడికీ రానంటున్నారు," అంటూ ఏడ్చింది. అమ్మ చేతుల్లో నాన్న చెయ్యి కదిలింది. నేను చూశాను. అమ్మ ఏడుపుకు కదిలిందో, రెండో గంటకు కదిలిందో నాకు తెలియదు.

పెదనాన్న కళ్ళు తుడుచుకుంటూ వసారా దిగి కారు డ్రైవరుతో మాట్లాడటానికి వెళ్ళారు. నాన్న కళ్ళు మూసుకున్నారు. సాయంత్రానికి జ్వరం పెరిగి మగతలోకి జారారు. మర్నాడు అమ్మ లేకుండా చూసి మళ్ళీ అడిగాను. "ఆయ్" అన్నారు. చెయ్యి లేవలేదు. ఆ మర్నాడూ అడిగాను. ఆయ్. చెయ్యి లేవలేదు. వారం తిరక్కుండానే, వసారాలో ఎండ ఉండగానే, పక్షవాతం రెండోసారి వచ్చింది. అమలాపురం చేరకముందే దారిలో, ఆయన జీవితమంతా తిరిగిన ఆ రోడ్డు మీదే నాన్న పోయారు.

చర్చివాళ్ళు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూటంలో అందరూ ఆయన మంచితనం చెప్పారు. బస్సులో చిల్లర లేని పిల్లల్ని దింపని మనిషన్నారు. అమ్మ తెల్లచీరలో కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒకటే చెప్పింది. ఇంటి దగ్గరే ఉంటానని చేత్తో చెప్పేరండీ, ఆయన కోరిక నేను తీర్చేనండీ. ఆ మాట పట్టుకునే అమ్మ నిలబడి ఉంది. నేను పక్కన కూర్చుని విన్నాను.

మా ప్రాజెక్టు వైవా నా కోసం వాయిదా వేశారు. నేను వెళ్ళేసరికి నా జత అమ్మాయి అన్నీ సర్ది పెట్టింది. సారు అంతకు ముందు తీసేయమన్న ఆయ్‌ని తీయలేదు. "నాకు చేతులు రాలేదే," అంది. ఆ అంకె సంగతి మాత్రం చేర్చింది. పని అయితే అయిందండి అని, అంకె తేడాగా వస్తే అవలేదండి అని చెప్పేలా.

సారు ఆయ్ చూసి దాని జోలికి పోలేదు. ఆయనకూ తెలుసు మా ఇంటి సంగతి. చాలాసేపు నడిచే ప్రోగ్రామొకటి మా షెల్‌లో మొదలుపెట్టారు. అది నడుస్తుండగానే తెర మీదే తెరిచిన ఇంకో విండోలోంచి దాన్ని చంపేశారు. మా షెల్ వెంటనే అవలేదండి అంది.

"అవలేదని అది చెప్పిందామ్మా?" అన్నారు సారు. మెత్తగానే అన్నారు, పాపం. "అది జవాబు చెప్పేలోపే నేను ఆపేశాను. కాదని చెప్పి ముగియడం వేరు, చెప్పకముందే ఆగిపోవడం వేరు. మీ షెల్ రెంటినీ ఒకేలా చదువుతోంది. మధ్యలో ఆగిందా అని ముందు చూడాలి కదా?"

నాకు గది కనిపించలేదు. మంచం పట్టె కనిపించింది. దాని మీద ఒక్కసారి తగిలిన చెయ్యి, ఆ చెయ్యి చుట్టూ అమ్మ చేతులు కనిపించాయి. నా జత అమ్మాయి ఏదో జవాబు చెబుతోంది. నేను అక్కడే, అందరి ముందూ, బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. నాన్న గుర్తొచ్చారనుకున్నారు అందరూ. సారు మంచినీళ్ళు తెప్పించి, ఇక చాల్లెండమ్మా అని మార్కులు వేసేశారు. ఎందుకు ఏడ్చానో నా జతకు కూడా చెప్పలేదు. దాని నోరు మంచిది కాదని కాదు. ఒకసారి బయటికొచ్చిన మాట ఏదో ఒక రోజు అమ్మ చెవిన పడుతుంది.

మార్కులు వచ్చాక ఆ ప్రోగ్రాముతో ఇక పని లేదు. అయినా ఇంటి దగ్గర కూర్చుని దాన్ని సరిచేశాను. వసారాలో నాన్న మంచం ఇంకా అలాగే ఉంది. అమ్మ తీయనివ్వలేదు. దాని పక్కన చాప మీద కూర్చుని, మధ్యలో ఆగిపోయిన పనిని కాదన్న పని నుంచి విడదీసే నాలుగు వరుసలు రాశాను. నాలుగే వరుసలు. పరీక్షించి చూస్తే సరిగ్గా చెప్పింది. ఆయ్, అని పడింది. మధ్యలో ఆగిపోయిందండి, ఏమనబోయిందో తెలియదండి, అని పడింది.

దీపాలవేళయింది. దోమలు మొదలయ్యాయి. అమ్మ అలవాటుగా వసారాలోకి వచ్చింది. "ఏవండీ, తలుపే..." అని ఆగిపోయింది. వచ్చి నవారు మీద చెయ్యి వేసి మంచం అంచున కూర్చుంది. రోడ్డు మీద రాజోలు బస్సు వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా చూసింది.

"మీ పెదనాన్న గారు ఫోన్ చేసేరే ఇందాక," అంది. "ఆపరేషను చేయించుంటే ఉండేవాడేమో అని ఏడ్చేరు. నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది." చేత్తో మంచం పట్టెను తడుముతోంది, ఆయన చెయ్యి ఉండే చోటనే. "కానీ వద్దన్నారు కదే మీ నాన్నగారు. నువ్వే అడిగేవు, నువ్వు చూసేవు కదా. ఒక్క గంటే కొట్టేరు కదా?"

ల్యాప్‌టాప్ మూసేశాను. మాట గాల్లో వదిలేయకూడదు.

"ఆయ్," అన్నాను.

అమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "లోపలికి రా, దోమలు," అని తలుపు ఓరగా వేసింది.